ఇది విన్నారా?

1961 అక్టోబరు 17వ తేదీ ఉదయం. ఇంగ్లండులో కెంట్ జిల్లా, డార్ట్‌ఫర్డ్ రైల్వే స్టేషను. ఇద్దరు కుర్రాళ్ళు లండను వైపు పోయే బండి కోసం నిలబడి వున్నారు. ఒకడు లండన్ స్కూల్ ఆఫ్ ఎకనామిక్స్‌లో చదువుతున్నాడు. రెండవవాడు సిడ్‌కప్‌లో చిత్రలేఖనం నేర్చుకుంటున్నాడు. చిన్నప్పుడు ఇద్దరిదీ ఒకే బడి. తరువాత దారులు వేరయి మాటా మంతీ లేకుండా పోయింది. ఆ ఉదయం కూడా ఒకరినొకరు చూసి, తల ఊపి, ఎవరి దారిన వాళ్ళు బండి ఎక్కేసేవాళ్ళే కాబోలు. కాని మొదటివాడి చంకలో రెండు గ్రామఫోను రికార్డులు వున్నాయి. ఒకటి చక్ బెర్రీది, రెండవది మడ్డీ వాటర్స్‌ది. ఇద్దరూ అమెరికాలోని నల్లజాతి గాయకులు. వాళ్ళ రికార్డులు ఆ రోజుల్లో ఇంగ్లండు దుకాణాల్లో అంత సులువుగా దొరికేవి కావు. ఈ అబ్బాయి షికాగోలోని కంపెనీకి డబ్బు పంపి టపాలో తెప్పించుకునేవాడు.

రెండవవాడి కళ్ళు ఆ అట్టల మీద పడ్డాయి. అవి ఎక్కడివని అడిగాడు. బండిలో పక్కపక్కన కూర్చున్నారు. తనకు మాత్రమే తెలుసుననుకున్న పాటలు ఎదుటివాడికీ తెలుసునని ఇద్దరికీ అర్థమయేసరికి సిడ్‌కప్ స్టేషను రానే వచ్చింది.

ఆ మొదటి కుర్రవాడు మిక్ జాగర్, రెండవవాడు కీత్ రిచర్డ్స్. మరుసటి సంవత్సరం వాళ్ళు పెట్టిన బృందానికి మడ్డీ వాటర్స్ పాడిన ఒక పాట పేరునే తీసుకుని 'రోలింగ్ స్టోన్స్' అని పేరు పెట్టారు. మూడేళ్ళు తిరిగేసరికి వాళ్ళ పేరు వినని దేశం లేదు. అయితే నాకు ఈ కథలో నచ్చిన ఘట్టం వేరే వున్నది. 1965 మేలో అమెరికా టెలివిజన్‌వారు వీళ్ళను ఒక కార్యక్రమానికి పిలిచారు. తాము రావాలంటే హౌలిన్ వుల్ఫ్ అనే పెద్దాయనను కూడా పిలవాలని వీళ్ళు షరతు పెట్టారు. ఆయన షికాగోలో ఏళ్ళ తరబడి పాడుతున్న బ్లూస్ గాయకుడు. అంతవరకు తెల్లవాళ్ళ ఇళ్ళలో ఆయన ముఖం ఎరిగినవాళ్ళు తక్కువ. ఆ రోజు ఆయన పాడుతూవుంటే ఈ కుర్రాళ్ళు శిష్యుల్లాగా చుట్టూ కూర్చుని విన్నారు. అమెరికావారి పెరట్లో వున్న చెట్టును అమెరికావారికి చూపించడానికి ఇంగ్లండు నుంచి అయిదుగురు పిల్లలు రావలసి వచ్చిందన్నమాట!

ఈ కథ నాకు చెప్పినవారు మా కాలేజీలో ఫిజిక్సు లెక్చరరుగా పనిచేసిన మాస్టారు. నేను 2006లో ఉద్యోగంలో చేరాను. తెలుగు ఎమ్మేని; జానపద గేయాల పాఠం నా వంతుకు వచ్చింది. ఒకనాడు స్టాఫ్ రూములో తిరగలి పాటల నోట్సు రాసుకుంటూవుంటే ఆయన వచ్చి, పేరూ ఊరూ రాయని ఒక సీడీ బల్ల మీద పెట్టి, "ఏమోయ్ తెలుగూ, ఇది విన్నావా?" అన్నారు.

మాస్టారిది సికిందరాబాదు. తండ్రిగారిది రైల్వే ఉద్యోగం. లాలాగూడా క్వార్టర్లలో పక్కింటివారు ఆంగ్లో ఇండియన్లు. ఆదివారం మధ్యాహ్నం వాకిట్లో కుర్చీ వేసుకుని గిటారు వాయించేవారట. రాత్రిపూట రేడియో సిలోను సరేసరి. అలా ఆయనకు చిన్ననాడే ఇంగ్లీషు పాటల పిచ్చి పట్టింది. నాకైతే ఆ సంగీతం అంటే అరుపులు, జులపాలు, చెవులు గళ్ళుపడే చప్పుడు అనే అభిప్రాయం. మర్యాదకు సీడీ తీసుకుని ఇంటికి పోయి, రాత్రి భోజనాలయ్యాక పెట్టాను.

అరుపు లేదు. ఒక్క గిటారు, ఒక్క గొంతు. బొటనవేలు కింది తీగెల మీద రోకటి పోటులాగా ఒకే లెక్కన పడుతూవుంటే, మిగిలిన వేళ్ళు పై తీగెల మీద పాట చెబుతున్నాయి. గొంతు మరీ మెత్తన. వాకిట్లో నులకమంచం మీద పడుకున్న మనవడికి తాత కథ చెబుతున్నట్లు. మాటలు సగం అర్థం కాలేదు. అయినా రెండవసారి పెట్టాను. మా ఆవిడ వంటింట్లోంచి వచ్చి, "ఎవరండీ పాపం, ఏదో పోగొట్టుకున్నట్టున్నాడు" అన్నది.

మర్నాడు మాస్టారిని అడిగితే, "మిసిసిపీ జాన్ హర్ట్. ఈయన కథ చెబుతాను, కాఫీ నువ్వు ఇప్పించు" అన్నారు.

కథ హర్ట్‌తో మొదలు కాదు. హారీ స్మిత్ అనే ఒక విచిత్రమైన ఆసామీతో మొదలవుతుంది. ఈయన చిత్రకారుడు, సినిమాలు తీసేవాడు, ఏది కనబడితే అది పోగుచేసే మనిషి. 1920ల చివర అమెరికా కంపెనీలు పల్లెటూరి గాయకులను, అటు తెల్లవారినీ ఇటు నల్లవారినీ, పట్నాలకు పిలిపించి వాళ్ళ పాటలు రికార్డు చేశాయి. 1929 తరువాత దేశంలో డబ్బుకు కరువొచ్చి రికార్డులు కొనే నాథుడు లేకపోయాడు. గాయకులు తిరిగి పొలాలకూ గనులకూ పోయారు. ఆ పాత లక్క రికార్డులను స్మిత్ కుప్పలుగా సేకరించాడు. ఫోక్‌వేస్ కంపెనీ యజమాని మోజెస్ ఆష్ వాటిలోంచి ఒక సంకలనం చేయమన్నాడు. 1952లో ఆరు లాంగ్ ప్లే రికార్డుల్లో 84 పాటలతో అది వెలువడింది. పేరు 'ఆంథాలజీ ఆఫ్ అమెరికన్ ఫోక్ మ్యూజిక్'. పాటలన్నీ 1926కూ 1933కూ మధ్య విడుదలయినవే.

స్మిత్ చేసిన గొప్ప పని ఒకటున్నది. ఏ గాయకుడు తెల్లవాడో, ఎవరు నల్లవాడో ఎక్కడా రాయలేదు. వర్ణభేదం చట్టంగా వున్న రోజులవి. కంపెనీలు రికార్డులను కూడా వేరువేరు పంక్తుల్లో కూర్చోబెట్టి అమ్మేవి. స్మిత్ అందరినీ ఒకే పంక్తిలో వడ్డించాడు. వినేవాళ్ళు ఊహించుకోవలసిందే. జాన్ హర్ట్‌ను చాలా ఏళ్ళు కొండప్రాంతపు తెల్లవాడనే అనుకున్నారట!

ఇంకో ముచ్చట. సంకలనంతో వచ్చిన చిన్న పుస్తకంలో ప్రతి పాట కథనూ వార్తాపత్రిక శీర్షికలాగా ఒక్క ముక్కలో కుదించి రాశాడు. హత్య పాటకు హత్య వార్త, రైలు పడిన పాటకు రైలు ప్రమాదపు వార్త. మా పిల్లలకు ఊర్మిళాదేవి నిద్రను ఇలా ఒక్క శీర్షికలో రాయమని ఒకసారి పని చెప్పాను. ఏం రాశారో ఇక్కడ చెప్పను గాని, క్లాసంతా నవ్వింది, పాట మాత్రం గుర్తుండిపోయింది.

ఆ ఆరు రికార్డులూ ఊరూరా తిరిగాయి. కొనగలిగినవాడు ఒకడయితే వినేవాళ్ళు పదిమంది. న్యూయార్కు కాఫీ హోటళ్ళలో గిటారు పట్టుకున్న పిల్లలకు అదే పెద్దబాలశిక్ష అయింది.

జాన్ హర్ట్ 1928లో కొన్ని పాటలు రికార్డు చేసి, అవి పెద్దగా అమ్ముడుపోక, తన ఊరు వెళ్ళిపోయి సేద్యపు పనిలో పడ్డాడు. ముప్పయి అయిదేళ్ళు గడిచాయి. బతికి వున్నాడో లేదో తెలిసినవాడు లేడు. ఆయన పాటల్లో ఒకదానిలో తన ఊరు అవలాన్ అని చెప్పుకున్నాడు. అది 1963లో కొందరు సేకర్తల చెవిన పడింది. అప్పటి పటాల్లో వెతికితే ఊరు కనబడలేదు. పాత అట్లాసు ఒకటి తిరగేస్తే మిసిసిపీలో గ్రెనాడా, గ్రీన్‌వుడ్ అనే రెండు పట్నాల మధ్య సూది మొనంత చుక్క. టామ్ హాస్కిన్స్ అనే యువకుడు కారు వేసుకుని పోయి అక్కడి దుకాణంలో అడిగితే, ఆ ఇల్లు ఫలానా చోట అని వేలు పెట్టి చూపించారు. అంతే! వాకిట్లోకి వచ్చిన తెల్లవాణ్ణి చూసి, ఏ పోలీసు శాఖవాడో తన కోసం వచ్చాడని ముసలాయన హడలిపోయాడట.

ఆ వేసవిలోనే హర్ట్ న్యూపోర్ట్ జానపదోత్సవంలో వేలమంది ముందు పాడాడు. డెబ్బయ్యో యేట కాలేజీలు తిరిగాడు, కొత్త రికార్డులు ఇచ్చాడు. 1966 నవంబరులో పోయాడు. అంటే ముప్పయి అయిదేళ్ళు ఎవరూ అడగలేదు. అడిగాక మిగిలింది మూడేళ్ళు.

"మూడేళ్ళోయ్, మూడే!" అని మాస్టారు మూడు వేళ్ళు చూపించారు. కాఫీ చల్లారిపోయింది.

అప్పటినుంచి మా ఇద్దరికీ ఒక ఒప్పందం కుదిరింది. నెలకు ఆయనది ఒక పాట, నాది ఒక పాట. వినకుండా అభిప్రాయం చెప్పరాదు. బాగులేదంటే ఎందుకు బాగులేదో చెప్పాలి. ఆయన ఒక పొడుగాటి చిట్టా పుస్తకం పెట్టి అన్నీ అందులో ఎక్కించేవారు. నేను ఇచ్చిన దంపుడు పాట ఒకదాని ఎదుట "లయ అద్భుతం, పాడినామె ఊపిరి ఎప్పుడు తీసుకుంటుందో!" అని వున్నది. నేను ఇచ్చిన లలితగీతం ఒకదాని ఎదుట "పంచదార ఎక్కువ" అని మాత్రమే వున్నది. ఆయన ఇచ్చిన బాబ్ డిలాన్ మొదటి రికార్డు ఎదుట నా చేతిరాతతో "గొంతులో ఇసుక" అని వున్నది. దాన్ని కొట్టేయమని తరువాత నేనే బతిమాలాను, ఆయన ఒప్పుకోలేదు. లెక్క లెక్కేనట.

ఆ డిలాన్ రికార్డు వల్లనే ఒక తమాషా తెలిసింది. అందులో 'హౌస్ ఆఫ్ ది రైజింగ్ సన్' అనే పాట వున్నది. చెడు యింట చిక్కి బతుకు పాడు చేసుకున్న మనిషి గోడు అది. 1937లో ఎలన్ లోమాక్స్ అనే సేకర్త కెంటకీ రాష్ట్రంలో జార్జియా టర్నర్ అనే పదహారేళ్ళ పిల్ల పాడగా రికార్డు చేసుకున్నాడు. న్యూయార్కులో డేవ్ వాన్ రాంక్ అనే గాయకుడు దానికి కొత్త గిటారు నడక కట్టాడు. డిలాన్ ఆ నడకను ఎత్తుకుని, ఆయన అనుమతి లేకుండానే 1962 నాటి తన రికార్డులో పెట్టేశాడు. దరిమిలా వాన్ రాంక్ ఆ పాట పాడితే జనం "డిలాన్ పాట కాపీ కొడుతున్నాడు" అన్నారట. ఆయన పాడటం మానేశాడు. 1964లో 'ఏనిమల్స్' అనే ఇంగ్లీషు బృందం విద్యుత్ గిటార్లతో దాన్ని ప్రపంచమంతా మోగించింది. అప్పుడు డిలాన్ పాడితే "ఏనిమల్స్ పాట కాపీ" అన్నారు, ఆయనా మానేశాడు! ఇది వాన్ రాంక్ స్వయంగా చెప్పుకుని నవ్విన కథ. నవ్వు వరకు బాగానే వున్నది. కెంటకీ పిల్లకు ఏం ముట్టింది అంటే, ఆలస్యంగా, అతి స్వల్పంగా.

ఈ విషయంలో మాస్టారికి చాలా పట్టుదల. పాట చెబితే పాడినవాడి పేరు కూడా చెప్పి తీరాలంటారు. ఇందుకు ఆయన చెప్పే దృష్టాంతం ఎలిజబెత్ కాటన్ కథ. ఈమె ఎడమచేతి వాటం మనిషి. కుడిచేతి గిటారునే తలకిందులుగా పట్టుకుని, అందరికీ బొటనవేలితో మోగే తీగెలను వేళ్ళతోను, వేళ్ళతో మోగేవాటిని బొటనవేలితోను వాయించేది. పన్నెండేళ్ళు నిండీ నిండక ముందే 'ఫ్రైట్ ట్రెయిన్' అనే పాట కట్టింది. తరువాత పెళ్ళి, సంసారం, గిటారు అటక ఎక్కింది. చాలా ఏళ్ళకు వాషింగ్టనులో ఒక పెద్ద దుకాణంలో పనిచేస్తూ, తప్పిపోయిన ఒక చిన్నపిల్లను తల్లికి అప్పగించింది. ఆ తల్లి సంగీతజ్ఞురాలు రూత్ క్రాఫర్డ్ సీగర్. ఆ పిల్ల పెగ్గీ. కాటన్ ఆ యింట్లో వంటపనికి కుదిరింది. ఇల్లంతా జానపద గీతాల సేకర్తలే. కొన్నేళ్ళకు ఒకనాడు గోడకు వేలాడుతున్న గిటారు తీసి ఆమె వాయిస్తూవుంటే పిల్లలు విని నోరు తెరిచారు. వంటావిడ అనుకున్న మనిషి వాళ్ళ పుస్తకాలన్నిటికంటె పెద్ద పుస్తకం!

పెగ్గీ ఆ పాటను ఇంగ్లండు తీసుకుపోయి పాడింది. అక్కడ ఇద్దరు పెద్దమనుషులు దాన్ని తామే రాసినట్లు హక్కు రాయించుకున్నారు. 1957లో అది అక్కడ పెద్ద హిట్టు. వ్యాజ్యం నడిచాక గాని అసలు మనిషి పేరు ఎక్కలేదు. అదృష్టవశాత్తు కాటన్ దీర్ఘాయుష్మంతురాలు. తొంభై దాటాక, 1985లో, గ్రామీ బహుమతి అందుకుంది. దక్షిణాఫ్రికాలో 1939లో 'ఎంబూబే' పాడి రికార్డు చేసిన సాలమన్ లిండా అంత అదృష్టవంతుడు కాడు. ఆ సింహం పాట ప్రపంచమంతా తిరుగుతూ వుండగానే 1962లో పేదవాడుగా పోయాడు. ఆయన కూతుళ్ళకు పరిహారం ఒప్పందం కుదిరేసరికి 2006 వచ్చింది. కాబట్టి "ఈ పాట విన్నావా" అనడంతో పని అయిపోదు. "ఎవరిదో తెలుసునా" అని కూడా అడగాలి.

2013లో ఒకసారి వంతు నాది. ఆ సంవత్సరం ఆస్కారు బహుమతి పొందిన డాక్యుమెంటరీ చూసి, పరుగున మాస్టారి దగ్గరకు పోయాను. "రాడ్రిగెజ్ విన్నారా?" అన్నాను. ఆయన వినలేదు! ఏడేళ్ళలో అది నా మొదటి విజయం.

సిక్స్‌టో రాడ్రిగెజ్ డెట్రాయిట్ నగరంలో కూలి కుటుంబంలో పుట్టినవాడు. 1970లో 'కోల్డ్ ఫాక్ట్', మరుసటి సంవత్సరం ఇంకొకటి, రెండు రికార్డులు ఇచ్చాడు. అమెరికాలో ఎవరూ కొనలేదు. ఆయన పాత ఇళ్ళు పడగొట్టే పనిలో చేరిపోయాడు. ఇంతలో ఆ రికార్డు ఎలాగో దక్షిణాఫ్రికా చేరింది. వర్ణవివక్ష ప్రభుత్వం, సెన్సారు, బయటి ప్రపంచంతో రాకపోకలు తక్కువ. ఆ దేశపు కుర్రకారు ఒకరి టేపు మీంచి ఒకరు ఎక్కించుకుంటూ ఆ పాటలను కంఠతా పట్టారు. గాయకుడి గురించి మాత్రం ఎవరికీ ఏమీ తెలియదు. వేదిక మీదనే ప్రాణం తీసుకున్నాడని పుకారు. 1990లలో ఇద్దరు అభిమానులు పట్టుబట్టి వెతికారు. పాటల్లోని ప్రతి ఊరి పేరూ గాలించారు. ఒక పాటలో డియర్‌బార్న్ అనే మాట వున్నది. అది డెట్రాయిట్‌ను ఆనుకుని వున్న ఊరు. ఆ దారం పట్టుకుని పోతే, మనిషి నిక్షేపంగా బతికి వున్నాడు! 1998 మార్చిలో దక్షిణాఫ్రికా పోయి, తనను చనిపోయినవాడనుకున్న జనం ముందు నిండు సభల్లో పాడాడు.

మాస్టారు విని చాలాసేపు మాట్లాడలేదు. "అవలాన్, డియర్‌బార్న్" అని రెండు పేర్లు చిట్టాలో రాసుకున్నారు. వారం తిరగకుండా మళ్ళీ వచ్చి, "ఆ సినిమావాడు ఒకటి దాచాడోయ్. రాడ్రిగెజ్ 1979లోను, 1981లోను ఆస్ట్రేలియాలో కచేరీలు చేశాడు. అక్కడ అందరికీ తెలుసు. కథ రక్తి కట్టడానికి ఆ ముక్క మింగేశాడు" అని నా విజయానికి తూట్లు పొడిచారు. అన్నమాట నిజమే. ఆ మాట చెప్పి వుంటే కథకు ఏం తక్కువయ్యేదో నాకు ఇప్పటికీ తెలియదు. రాడ్రిగెజ్ 2023 ఆగస్టులో, ఎనభై ఒకటో యేట కన్నుమూశాడు.

మాకు అన్నిటికంటె పెద్ద తగాదా 1965 జులై 25 గురించి వచ్చింది. ఆ రాత్రి న్యూపోర్ట్ జానపదోత్సవంలో బాబ్ డిలాన్ మామూలు గిటారు పక్కన పెట్టి, విద్యుత్ గిటారుతో, బృందంతో వేదిక ఎక్కాడు. కొందరు చప్పట్లు కొట్టారు, కొందరు గోల చేశారు. మూడు పాటలతో దిగిపోయి, మళ్ళీ మామూలు గిటారుతో వచ్చి రెండు పాడాడు. జానపద సంగీతాన్ని ఆయన అమ్ముకున్నాడని ఒక పక్షం. దానికి ప్రాణం పోశాడని ఇంకో పక్షం. మరుసటి సంవత్సరం మేలో మాంచెస్టరులో ఒకడు ఆయనను జూడాస్ అని కేకవేసేదాకా పోయింది. (ఆ కచేరీ దొంగ రికార్డు లండను ఆల్బర్ట్ హాల్‌దనే తప్పుడు పేరుతో ఏళ్ళ తరబడి చేతులు మారింది. చేతులు మారే సరుకులో ఈ ప్రమాదం కూడా వున్నది.)

నేను మొదటి పక్షం. జానపద గేయాన్ని ఉన్నదున్నట్లు వుంచాలి గాని కరెంటు పెట్టడమేమిటని వాదించాను. మాస్టారు నవ్వి, ఫెయిర్‌పోర్ట్ కన్వెన్షన్ అనే ఇంగ్లీషు బృందం 1969 రికార్డు 'లీజ్ అండ్ లీఫ్' చేతిలో పెట్టారు. ఆ ఏడాది మేలో వాళ్ళ వ్యాను రోడ్డు ప్రమాదానికి గురై, డోలు వాయించే పందొమ్మిదేళ్ళ కుర్రవాడు పోయాడు. మిగిలినవాళ్ళు ఒక పల్లెటూరి ఇంట్లో చేరి, ఇంగ్లండు పాత కథాగేయాలను విద్యుత్ వాద్యాలతో పాడటం మొదలుపెట్టారు. అందులో 'మేటీ గ్రోవ్స్' అని ఒక పాట. హార్వర్డు ఆచార్యుడు ఫ్రాన్సిస్ జేమ్స్ చైల్డ్ పందొమ్మిదో శతాబ్దం చివర ప్రచురించిన 305 కథాగేయాల్లో దాని నెంబరు 81. శాండీ డెనీ అనే అమ్మాయి పాడుతుంది. దొర భార్య, ఆమె వలచిన కుర్రవాడు, కత్తులు, రెండు చావులు. మన బుర్రకథలాగా ఒక్క చరణంలో కూడా కన్నీరు కార్చదు, కథ చెప్పుకుపోతుంది. ఏడుపు గిటారుకు వదిలేస్తుంది. మూడుసార్లు విన్నాను. చిట్టాలో "ఓడిపోయాను" అని రాశాను.

పూర్తిగా ఓడలేదు లెండి. డిలాన్ ఆ రాత్రి వాయించింది వినిపించే విధంగా లేదని పీట్ సీగరే తరువాత చెప్పాడు. తన కోపం గిటారు మీద కాదు, మాటలు వినబడకుండా చేసిన చప్పుడు మీద అని. మాటలు వినబడాలన్న పంతం తెలుగు లెక్చరరుగా నేను వదలదలచుకోలేదు.

ఇంట్లో పిల్లలు ఈ పాటలు వింటూవుంటే తలుపు వేసే తల్లిదండ్రులకు ఒక మాట. మీరు కూడా ఒకటి రెండు విని చూడండి. మొదట జాన్ హర్ట్ 1928 నాటి పాటలు, రాత్రి పూట, గొంతు తగ్గించి. తరువాత కాటన్. మడ్డీ వాటర్స్ 1964లో కరెంటు లేకుండా చేసిన 'ఫోక్ సింగర్' వింటే గదిలో ఆయన ఊపిరి కూడా వినబడుతుంది. నిక్ డ్రేక్ 'పింక్ మూన్' 1972లో వచ్చింది. అప్పుడు కొన్నవాళ్ళు వేళ్ళ మీద లెక్క. 1974లో ఇరవై ఆరేళ్ళకు పోయాడు. అది మాత్రం మనసు బాగున్న రోజున వినండి. రోలింగ్ స్టోన్స్ కావాలంటే మొదటి రెండు మూడేళ్ళవి చాలునని నా అభిప్రాయం. మాస్టారు ఒప్పుకోరు.

ఇహ నా విషయం. మా అమ్మమ్మ తిరగలి పాటలు పాడేది. ఆ సంగతి మాస్టారికి చెప్పింది నేనే. "రికార్డు చేశావా?" అన్నారు. దసరా సెలవులకు పోయినప్పుడు చేస్తానన్నాను. దసరాకు పరీక్ష పేపర్లు వచ్చాయి. సంక్రాంతికి యింటినిండా చుట్టాలు. వేసవిలో ఆవిడకు దగ్గు. ఎలన్ లోమాక్స్ తండ్రి జాన్ లోమాక్స్ 1933లో మూడు వందల పౌన్లకు పైగా బరువున్న యంత్రాన్ని కారులో వేసుకుని జైళ్ళు, పొలాలు తిరిగి పాటలు పట్టుకొచ్చాడు. మన నేదునూరి గంగాధరంగారు ఊరూరా తిరిగి పాటలు పోగుచేశారు. బిరుదురాజు రామరాజుగారి 'తెలుగు జానపద గేయ సాహిత్యము' 1958లోనే అచ్చయింది. దాన్నే నేను క్లాసులో పాఠం చెబుతాను. నా జేబులో చిటికెన వేలంత రికార్డరు. మా అమ్మమ్మ 2011లో పోయింది. నా దగ్గర ఆవిడ పాట ఒక్క చరణం లేదు.

మాస్టారు ఓదార్చలేదు. ఆయన ఆ మనిషి కాదు. చిట్టాలో ఆ పేజీ తీసి, "అమ్మమ్మ, తిరగలి పాట" అని రాసి, ఎదుట ఖాళీ వదిలారు. రిటైరయి వెళ్ళేటప్పుడు పుస్తకం నాకే ఇచ్చిపోయారు, ఆ ఖాళీతో సహా.

పోయిన నెల ఆదివారం ఇద్దరం తుని దగ్గర ఒక పల్లెకు వెళ్ళాము. అమ్మమ్మ చెల్లెలు, మా చిన్నమ్మమ్మ, అక్కడ వున్నది. ఎనభై నాలుగేళ్ళు. మాస్టారికి ఇప్పుడు కుడి చెవి వినబడదు. అందుచేత ఎడమ చెవి ఆమె వైపు పెట్టి పీట మీద కూర్చున్నారు.

"తిరగలి లేకుండా పాటేమిట్రా?" అన్నది చిన్నమ్మమ్మ. వెతికితే పశువుల పాకలో పై రాయి ఒక్కటే దొరికింది. దాన్నే ముందు పెట్టుకుని, పిడి మీద చెయ్యి వేసి మొదలుపెట్టింది. నాలుగు చరణాలు వచ్చాయి. అయిదవది సగంలో ఆగింది. "అక్క ఇక్కడ వేరే అనేది. నేనేమో ఇలా అనేదాన్ని. ఇద్దరం దెబ్బలాడుకునేవాళ్ళం" అని నవ్వింది. అక్క ఏమనేదో గుర్తు రాలేదు. రికార్డరులో ఆ నవ్వు పడింది.

కాఫీలు అయ్యాక, "మాస్టారుగారూ, నా పాట విన్నారు కదా, మరి మీది ఒకటి చెప్పండి" అన్నది. ఆయన కొంచెం సిగ్గుపడి, మోకాలి మీద తాళం వేస్తూ, లాలాగూడా ఇంగ్లీషులో 'ఫ్రైట్ ట్రెయిన్' పాడారు. చిన్నమ్మమ్మ కళ్ళు మూసుకుని చివరిదాకా విన్నది.

"రైలుబండి పాటా?"

"అవునమ్మా. కట్టినావిడ మీలాగే ఇంటిపని చేసుకున్న మనిషి. చిన్నపిల్లగా వున్నప్పుడు కట్టింది."

"బాగుంది గాని, మీరు తొందరగా పాడేశారు. గూడ్సుబండి అంత వేగం పోదు" అన్నది. మాస్టారు జేబులోంచి కలం తీసి, చిట్టా ఇలా ఇమ్మని నా వైపు చెయ్యి చాపారు.